ఐరావతానికి కొత్త గొంతు

మేమంతా బేస్‌మెంట్లలో బతికిన ఆ కాలంలో మాకు కెనడా అంటే జానెడు ఎత్తున్న కిటికీ. అందులోంచి చూస్తే పైన నడిచిపోయేవాళ్ళ బూట్లు, పక్కింటి పిల్లి పొట్ట, సెప్టెంబరు దాటితే ఎర్రటి ఆకులు, డిసెంబరు వస్తే ఏకంగా తెల్లటి గోడ కనిపించేవి. ఆకాశం కావాలంటే మెట్లెక్కి బయటికి రావాలి. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే నాకెందుకో చీకటి గుర్తుకు రాదు, వెలుతురే గుర్తొస్తుంది. వయసు అలాంటిది కాబోలు. విమానాల నిండా మాలాంటి కుర్రకారు దిగిపోతున్న రోజులవి. కిచెనర్‌లో ఏ సిటీ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి, తిన్నానని తెలుగులో అబద్ధం చెబుతూ ఉండేవారు. పొద్దున క్లాసు, సాయంత్రం గోదాములో పెట్టెలు మోయడం, మధ్యలో బస్సు కోసం ఎదురుచూడటం, ఆ ఎదురుచూపుల్లో కలలు కనడం. నా మటుకు నాకు చదువూ ఉద్యోగమూ రెండూ పార్ట్‌టైమే. కలలు కనడం ఒక్కటే ఫుల్‌టైమ్.

ఆ కలలకు ఒకరోజు చక్రాలొచ్చాయి. మా ఇంటి ఓనర్ అంకుల్ గుడివాడ వైపు మనిషి. ఆయన పెరట్లో ఒక పాత పికప్ ట్రక్కు పడి ఉండేది. తెల్ల రంగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, చక్రాల పైన తుప్పు తినేసి జల్లెడలా మారిన రేకు. (ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరుగుతుంది, దాంతోపాటు బళ్ళూ కరుగుతాయి.) ఆంటీకి ఆ ట్రక్కును చూస్తేనే ఒళ్ళు మంట. అంకుల్ ఇంట్లో మనశ్శాంతి కోసం తాళంచెవి నా చేతిలో పెట్టి, నడుపుకుంటారో ముక్కలు చేసుకుంటారో మీ ఇష్టం, ఆంటీ కంట మాత్రం పడనివ్వొద్దన్నారు. తెల్లగా, పెద్దగా, తాపీగా కదిలేది కనక మేం దానికి ఐరావతమని పేరు పెట్టుకున్నాం. ఊళ్ళో ఇళ్ళు మారే విద్యార్థులకు కొదవ లేదు. ఒక బేస్‌మెంట్‌లోంచి పరుపు తీసి ఇంకో బేస్‌మెంట్‌లో దించడం దాని ఉద్యోగమైపోయింది. శనాదివారాల్లో వీధి మలుపులో ఐరావతం కనపడిందంటే తెలుగువాళ్ళెవరో ఇల్లు మారుతున్నారని అర్థం.

నాతో గది పంచుకున్నవాడు నరసాపురం నుంచి వచ్చాడు. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు, ఆదివారం చర్చిలో పాడేవాడు. అందుకని అందరం వాణ్ణి పాస్టర్ అనేవాళ్ళం. వాడికి ఇంకో అలవాటు ఉండేది. ఏ వస్తువు కొన్నా దాంతో వచ్చిన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవాడు. రైస్ కుక్కర్ కాగితంలో ఇంగ్లీషు అయిపోతే ఫ్రెంచి వైపు కూడా తిప్పి చూశాడు. నేను అదే కాగితాన్ని కింద పరుచుకుని అన్నం తినే రకం.

ఇక ఆమె. ఊరి పేరు పెట్టి పిలుచుకోవడం మా బ్యాచ్‌లో అలవాటు. నన్ను కరీంనగర్ అనేవారు, ఆమెను హనుమకొండ అనేవారు. గాలి గట్టిగా వీస్తే చలికోటుతో సహా ఎగిరిపోయేలా ఉండే పిల్లకు అంత బరువైన పేరు. ఆమె క్లాసులో తెలుగు కుర్రాళ్ళందరినీ వరసపెట్టి "అన్నా" అనేసింది. పాస్టర్‌ను అంది, తనకంటే చిన్నవాళ్ళను అంది, ఒకసారి అలవాటు కొద్దీ బస్సు డ్రైవరు సర్దార్జీని కూడా అంది. నన్ను మాత్రం అనలేదు. నాతో పనిబడితే "ఇగో" అనేది. ఆ "ఇగో" పునాది మీద నేను రెండంతస్తుల మేడ కట్టి, పైన పూలకుండీలు కూడా పెట్టుకున్నాను. నీ పేరు మర్చిపోయి ఉంటుందిరా అన్నాడు పాస్టర్. కొందరికి సున్నితమైన విషయాలు తెలియవు.

చదువు అయిపోతూనే ఆమెకు మిస్సిసాగాలో, ఎయిర్‌పోర్టు దగ్గరి మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ వార్త విని అందరితోపాటు చప్పట్లు కొట్టి, బయటికెళ్ళి ఒక బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆమె వెతుక్కుంటూ వచ్చి, "ఇగో, వచ్చే నెల మొదటి శనివారం నీ బండి ఖాళీ ఉంటదా? సామాన్లున్నయ్," అంది. ఖాళీగానే ఉంటుందన్నాను, ప్రశ్న పూర్తి కాకముందే. కిచెనర్ నుంచి మిస్సిసాగాకు 401 హైవే మీద దాదాపు గంట ప్రయాణం. ముందు సీట్లో ఆమె, నేను తప్ప మరెవరూ ఉండరు. రెండేళ్ళుగా క్లాసులో చెప్పడానికి చోటు దొరకలేదు, బస్సులో చెప్పడానికి నోరు రాలేదు, ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. ఊరు దాటిపోయిన మనిషికి చెప్పే ధైర్యం నాకెలాగూ ఉండదు. ఉన్నదల్లా ఆ గంట. ఆ గంటలో చెప్పేయాలని అక్కడే, ఆ బెంచీ మీదే తీర్మానించుకున్నాను.

ఆ మర్నాడే ఐరావతం దగ్గడం మొదలుపెట్టింది. ఇంజనులో కాలిన పొగను పోగుచేసి వెనక గొట్టంలోకి పంపే ఇనుప దిమ్మ ఒకటుంటుంది, దాన్ని మానిఫోల్డ్ అంటారు. అది రెండు వైపులా పగిలింది. బండి స్టార్ట్ చేస్తే వీధి వీధంతా కిటికీలు మూసుకునే చప్పుడు. ఈ సంగతి హనుమకొండ దాకా పోయింది. ఏం ఫర్వాలేదు, నీ బండి బాగు కాకపోతే పక్క ఊరు వాటర్లూలో వ్యాను ఉన్న అన్న ఒకతను వస్తానన్నాడని ఆమె నాకు కబురు పెట్టింది. (అతను అప్పటికే అన్న అయిపోయాడు, అదొక్కటే ఊరట.) వ్యాను వస్తే నా గంట పోతుంది. నా దృష్టిలో అప్పుడు ఐరావతం బాగుపడటమంటే నా బతుకు బాగుపడటమే.

పాస్టర్ చెప్పినది చాలా సూటిగా ఉంది. పాత బళ్ళ యార్డుకు వెళ్ళి, ఇదే మోడల్ ట్రక్కు నుంచి పాత మానిఫోల్డ్ విప్పి తెచ్చి బిగిద్దాం, బండి గుట్టుగా నడుస్తుంది అన్నాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు. కానీ నేను అప్పటికి గోదాములో టీ బ్రేకుల్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఆ దిమ్మ తీసేసి దాని స్థానంలో హెడర్స్ పెట్టుకోవచ్చట. ఒక్కో సిలిండరుకు ఒక్కో నున్నటి గొట్టం, అవన్నీ వంపులు తిరుగుతూ కిందికి దిగి ఒకచోట కలుస్తాయి. చూస్తుంటే అచ్చం వీణ మెట్ల మీద వేళ్ళు పెట్టినట్టుంటాయి. వీడియోలో గడ్డాలు పెంచిన పెద్దమనుషులు వాటిని బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని తల ఊపేవారు. ఆ శబ్దం లోతుగా, గుండె కింద ఎక్కడో మోగేది. నా కలలో 401 మీద సాయంకాలపు ఎండ పడేది. కిటికీ సగం దించి ఉండేది. ఆ గంభీరమైన శబ్దం మా ఇద్దరి మౌనం కింద తంబూరాలా సాగేది. ఆ శ్రుతి మీద నేను నా మాట మొదలుపెట్టేవాణ్ణి. బయల్దేరేది పొద్దున కదా, సాయంకాలపు ఎండ ఎక్కణ్ణుంచి వస్తుందని నన్ను నేను అడగలేదు.

హెడర్స్‌లో మళ్ళీ పొట్టివీ పొడుగువీ ఉంటాయి. పొట్టివి బుద్ధిగా పాత గొట్టానికే అతుక్కుంటాయి, శబ్దం కూడా పెద్దగా మారదు. పొడుగువాటికి కింద గొట్టం కోసి అతకాలి, బిగించడం కష్టం, కానీ శబ్దం మాత్రం వాటిదే. విడిభాగాల షాపు కౌంటరు వెనక కళ్ళద్దాలాయన నన్ను బండితో ఏం చేస్తావు, రేసులకు వెళ్తావా అని అడిగాడు. పరుపులు మోస్తానన్నాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసి, అయినా పొడుగువే కావాలా అన్నాడు. అవే కావాలన్నాను. ఆయన నిట్టూర్చి లోపలికెళ్ళి పెట్టె తెచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే ఆ గొట్టాలు బేస్‌మెంట్ బల్బు కింద కూడా మిలమిలలాడాయి. రెండ్రోజులు వాటిని నా పరుపు పక్కనే పెట్టుకున్నాను. పాస్టర్ వాటిని చూడలేదు. పెట్టెలో ఉన్న కాగితం చదువుతూ కూర్చున్నాడు.

విప్పడం దగ్గర మొదలైంది అసలు తంటా. ఉప్పు తిన్న బోల్టులు ఇంజనుతో ఏకమైపోయాయి. వాటికి నూనె కొట్టి, నానబెట్టి, మళ్ళీ కొట్టి, బతిమాలి, బెదిరించి ఒక్కొక్కటే ఊడదీశాం. అంకుల్ డ్రైవ్‌వేలో అట్టపెట్టె పరుచుకుని ట్రక్కు కింద వెల్లకిలా పడుకుంటే, ఇంజను సందుల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించేది. మేపుల్ ఆకు ఒకటి ఊగుతూ వచ్చి రేడియేటరు మీద వాలేది. చేతిలో పానా అలాగే ఉండేది, నేను మాత్రం ఎప్పుడో 401 ఎక్కేసి ఉండేవాణ్ణి. పాస్టర్ కాలుతో నా కాలు తన్ని కిచెనర్‌కు వెనక్కి తీసుకొచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం అలా పడుకుని ఉండగా బంపరు పక్కన రెండు చిన్న బూట్లు కనిపించాయి. అవి ఎవరివో నాకు తెలుసు. జానెడు కిటికీలోంచి చూసి బూట్లతో మనుషుల్ని గుర్తుపట్టే విద్య ఈ దేశం నాకు నేర్పింది. పులిహోర డబ్బా పట్టుకుని వచ్చింది హనుమకొండ. బయటికి పాకి వచ్చాను, మొహం నిండా మసితో. ఆమె గొట్టాల్ని వేలితో ముట్టుకుని ఇవెందుకని అడిగింది. ఇంజను లోపలి పొగ ఒకదాన్నొకటి తోసుకోకుండా, దేని దారిన అది హాయిగా బయటికి పోవడానికని, దీంతో ఇంజనుకు ఊపిరి తేలికవుతుందని చెప్పాను. (టీ బ్రేకుల్లో నేర్చుకున్న జ్ఞానమంతా ఆ ఒక్క వాక్యంలో పోశాను.) ఆమె వంగి ఇంజనులోకి చూసి, "అంటే ఇన్నేండ్లు దీనికి ఊపిరాడలే? పాపం," అంది. ఆ "పాపం" అన్నప్పుడు ఆమె చెయ్యి ఐరావతం బానెట్ మీద ఉంది. ఆ క్షణాన నేను ట్రక్కుగా పుట్టనందుకు నిజంగా బాధపడ్డాను.

పాస్టర్ లెక్క ప్రకారం శుక్రవారం సాయంత్రానికి బిగింపు అయిపోవాలి. ఇంజను ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించాలి. కొత్త గొట్టాలు వేడికి సాగి, చల్లారితే ముడుచుకుని, బోల్టుల్ని వదులు చేస్తాయట. కాగితంలో ఈ మాట లావు అక్షరాల్లో ఉందని వాడు నాకు చూపించాడు కూడా. కానీ శుక్రవారం చివరి బోల్టు తల విరిగి లోపలే ఉండిపోయింది. దాన్ని తవ్వి తీసేసరికి చీకటి పడింది. మిగిలిన పని శనివారం తెల్లవారాక పెట్టుకున్నాం.

ఇక్కడే మా అమ్మ ప్రవేశించింది. శుక్రవారం రాత్రి కరీంనగర్ నుంచి వీడియో కాల్‌లో కొత్త గొట్టాల్ని చూసి ముచ్చటపడి, పసుపు కుంకుమ పెట్టావా అని అడిగింది. పెట్టలేదంటే ఊరుకోలేదు. పొగ గొట్టానికి బొట్టేంటమ్మా అన్నాను. లోపలికి పోయేదానికైనా బయటికి వచ్చేదానికైనా దండం పెట్టాల్సిందేనంది. ఎప్పుడు బయల్దేరుతున్నావని అడిగింది. శనివారం పొద్దున అన్నాను. అమ్మ పంచాంగం తిరగేసి అంది:

"బిడ్డా, శనివారం తొమ్మిదింటికి రాహుకాలం మొదలైతది. అది పెట్టకముందే బండి ఇల్లు దాటాలె. తర్వాత బయల్దేరితే పోయిన పని గాదు."

పోయిన పని కాదు అన్న మాట నాలోకి సూటిగా దిగింది. నేను వెళ్తున్న పని ఏమిటో అమ్మకు తెలియదు. తెలియకుండానే అంత మాట అంది. అయినా ఒకసారి వాదించి చూశాను, ఇండియా తొమ్మిది ఇక్కడ ముందురోజు రాత్రే అయిపోతుంది కదా అని. సూర్యుడు ఎక్కడుంటే రాహువూ అక్కడే ఉంటాడు, నీ కోసం ఇక్కడాగుతాడా అంది అమ్మ. ఆ ఖగోళశాస్త్రానికి తలవంచి పసుపు డబ్బా వెతకడానికి లేచాను.

శనివారం పొద్దున ఎండ పల్చగా, చల్లగా ఉంది. బిగింపు ముగిశాక, గొట్టాలకు పసుపు నిలవడం లేదని నువ్వుల నూనెలో కలిపి పూశాను, పైన కుంకుమ బొట్లు పెట్టాను. ఆ ఉత్సాహంలో నా వేళ్ళ ముద్రలన్నీ వాటి మీద పడ్డాయి. పాస్టర్ బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేశాడు. రెండు వైపుల నుంచీ బందోబస్తు అయింది. తాళంచెవి తిప్పాను.

ఆ శబ్దం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను. వీడియోల్లో విన్నది దాని ముందు ఏమీ కాదు. ఐరావతం ఒళ్ళు విరుచుకుని, లోతైన గొంతుతో ఓంకారం చేసినట్టు మోగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు నిమిషాల తర్వాత పాస్టర్ కళ్ళలో కూడా తిరిగాయి, అయితే అవి పొగ వల్ల. పసుపూ నూనే కాలి బానెట్ కింది నుంచి పచ్చటి పొగ మబ్బుల్లా లేచింది. వీధంతా పోపు మాడిన వాసన. ఎదురింటి తెల్లాయన కుక్కతో సహా బయటికొచ్చి, ఏం వండుతున్నారని ఎంతో మర్యాదగా అడిగాడు.

పొగ తగ్గాక పాస్టర్ ఇంజను ఆపమన్నాడు. చల్లారాలి, బోల్టులు బిగించాలి. నేను గడియారం చూశాను. తొమ్మిదికి ఎంతో దూరం లేదు. చల్లారేదాకా ఆగితే రాహుకాలం నడినెత్తికి వస్తుంది. అది కూడా పోయేదాకా ఆగితే వ్యాను అన్న వచ్చేస్తాడు. ఆగడానికి లేదురా అన్నాను.

"ఒరే, రాహుకాలం సంగతి నేను ప్రార్థన చేసి చూసుకుంటాను గానీ, నువ్వు బోల్టులు బిగించుకోరా బాబూ," అన్నాడు పాస్టర్.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ ఆ పూట నాకు లావు అక్షరాల కాగితం కన్నా అమ్మ మాటే బరువుగా తోచింది. అయినా పక్కనున్న పానా ఒకటి ట్రక్కులో పడేసుకుందామని వంగాను కూడా. అంతలో అంకుల్ వంటింటి కిటికీ కర్టెన్ కదిలింది, ఆంటీ చూస్తోందని పానా అక్కడే వదిలేసి గేరు వేసేశాను. అద్దంలో పాస్టర్ కాగితం పట్టుకుని డ్రైవ్‌వేలో నిలబడి ఉన్నాడు.

హనుమకొండ సామాను ఎక్కువేం లేదు. పరుపు, కుక్కర్, బియ్యం బస్తా, పుస్తకాలు, ఒక కుండీలో కరివేపాకు మొక్క. ఆమె రూమ్మేట్లు కళ్ళు మూసి తెరిచేలోగా ఎక్కించేశారు. నేను ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదోనని కొంత భయం, నలుగురూ ఆ శబ్దం వినాలని కొంత సరదా. ఆమె కరివేపాకు కుండీని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రాహువు ఇంకా నిద్ర లేవకముందే ఊరు దాటాం. పోయిన పని అయి తీరుతుందని నాకు ఏ సందేహమూ లేకపోయింది.

దారిలో కేంబ్రిడ్జి అనే ఊరి దాకా అంతా నా కలలోలాగే నడిచింది. రోడ్డుకు రెండు వైపులా చెట్లు ఎరుపూ పసుపూ కలిసి మండుతున్నాయి. ఐరావతం కింద తంబూరా మోగుతోంది. ఆమె కొత్త ఉద్యోగం గురించీ, అక్కడి ఇంటి గురించీ ఏదో చెబుతోంది. గ్వెల్ఫ్ మలుపు వచ్చాక మొదలుపెడదామనుకుని గొంతు సవరించుకున్నాను. సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఇంజను కింద టిక్కుటిక్కుమని చిన్న చప్పుడు మొదలైంది. చూస్తుండగా అది టకటకలాడింది. మొదటి బోల్టు వదులైతే రెండోది తోడు పోతుంది కాబోలు, మరి కాసేపటికి కొత్త గొట్టాలు ఇంజనును వదిలేసి సొంతంగా అరవడం మొదలుపెట్టాయి. తంబూరా పోయింది. దాని చోట క్యాబిన్ నిండా పెళ్ళి బ్యాండు దిగింది. సీటు, స్టీరింగు, అద్దాలు అన్నీ వణుకుతున్నాయి. ఆమె ఒళ్ళో కరివేపాకు రెమ్మలు జలజలా ఊగుతున్నాయి.

ఆమె నా వైపు తిరిగి ఏదో అంది. ఏంటీ అన్నాను. ఆమె ఇంకా గట్టిగా అంది. నేను ఇంకా గట్టిగా ఏంటీ అన్నాను. కాసేపు ఇద్దరం నోళ్ళు తెరిచి మూసుకున్నాం. తర్వాత ఆమె నవ్వేసి, లాభం లేదన్నట్టు చెయ్యి ఊపి, బ్యాగులోంచి దూది తీసి రెండు చెవుల్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆపి బిగిద్దామంటే చేతిలో పానా లేదు. పక్కన లారీలు దూసుకుపోతున్నాయి. నా గంట నా కళ్ళముందే కరిగిపోతోంది. ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఆమెకు వినపడదని తెలిశాకే నాకు నోరు పెగిలింది. ముందున్న అద్దంకేసి చూస్తూ, గొంతెత్తి, అన్నీ చెప్పేశాను. ఆమె షిఫ్టు అయ్యే వేళకే నా పని కూడా ఎందుకు అయిపోయేదో చెప్పాను. నేనెక్కాల్సిన బస్సు వదిలేసి ఆమె ఎక్కే బస్సు కోసం మంచులో నిలబడ్డ సాయంత్రాల గురించి చెప్పాను. పరీక్షలో ఆమె పెన్ను పెదవులకు ఆనించి ఆలోచిస్తుంటే, ఆ ప్రశ్నకు జవాబు త్వరగా దొరక్కూడదని కోరుకున్నానని చెప్పాను. కరీంనగర్‌కూ హనుమకొండకూ మధ్య ఎన్నో బస్సులు తిరుగుతుంటే అక్కడెక్కడా కలవకుండా, ఇంత దూరమొచ్చి, ఒక వణికే దేశంలో కలవడం నాకు ఎంత అబ్బురమో చెప్పాను. నువ్వు వెళ్ళిపోతే ఆ ఊళ్ళో నాకు ఏ బస్సెక్కాలో తెలియదని చెప్పాను. మాటలు వాటంతటవే వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకోకుండా, దేని దారిన అది హాయిగా. మిల్టన్ దాటేసరికి నా కళ్ళు ధారలు కడుతున్నాయి. నా జీవితంలో అంత మంచి తెలుగు నేను మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

మిస్సిసాగాలో ఆమె కొత్త ఇంటి ముందు ఇంజను ఆపాను. ఒక్కసారిగా లోకమంతా నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో పిచ్చుక కూత వినపడింది. ఆమె చెవుల్లోంచి దూది తీసి, నా వైపు తిరిగి, ఎంతో ఇష్టంగా నవ్వింది.

"నువ్వు ఇంత మంచిగ పాటలు పాడతవని నాకు తెల్వదు," అంది.

నాకేమీ అర్థం కాలేదు. వినపడలేదు గానీ మధ్యమధ్య ఓరకంట నీ మూతి కదలడం చూస్తూనే ఉన్నానంది. దారంతా పాడుతూనే వచ్చావు, ఒక్కోచోట ఏడ్చావు కూడా, అంత మునిగిపోయి పాడేవాళ్ళను నేను చూడలేదు, ఏం పాటలవి అంది. పాతవన్నాను. "ఇప్పుడు సప్పుడు లేదు గదా. ఒక్కటి పాడు, ఇంట," అని కుండీని ఒళ్ళో సర్దుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

నేను కోరుకున్నది అదే కదా. ఆమె వింటానంటోంది. చప్పుడు లేదు, లారీలు లేవు, మూడో మనిషి లేడు. నోరు తెరిచాను. కీచుమని గాలి తప్ప ఏమీ రాలేదు. దారి పొడవునా అరిచిన గొంతు మూగబోయింది. వేలితో గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను. అయ్యో పాపం అని, కిందికి దిగి, వేడి నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆ నీళ్ళు తాగి, సామాను దించి, మాట లేకుండానే సెలవు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు చర్చి నుంచి వచ్చి, భోజనం కూడా చేయకుండా, పాస్టర్ ఆ బోల్టులన్నీ బిగించేశాడు. పెద్ద పనేం కాదు. అప్పటినుంచి ఐరావతం బుద్ధిగా, మంద్రంగా, పక్కనున్న మనిషి గుసగుస కూడా వినపడేంత మర్యాదగా నడిచింది. పక్కన ఎప్పుడూ పరుపులే ఉండేవి. ఆ చలికాలం ఆమెకు కొన్నాళ్ళు ఫోన్ చేశాను. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. మరుసటేడు ఆమె పెళ్ళి శుభలేఖ వచ్చింది. నాకు బాధ కలిగింది, బాగా కలిగింది. పాస్టర్ ఆ వారమంతా నా వంతు వంట కూడా తనే చేశాడు.

ఏళ్ళు గడిచాయి. నాకూ పెళ్ళయింది. మొన్నామధ్య మిస్సిసాగాలో ఒక స్కూలు హాలులో బతుకమ్మ పండుగకు వెళ్ళాం. ఆడవాళ్ళు ఆడుతుంటే మగవాళ్ళం గోడ వారన ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నాం. అంతలో మైకు పట్టుకున్నాయన, ఈ హాలులో ఒక మరుగునపడ్డ గాయకుడున్నారని తన భార్య ఇప్పుడే చెప్పిందంటూ నా పేరు పిలిచాడు. స్టేజీ పక్కన హనుమకొండ నిలబడి నవ్వుతోంది. నా భార్య నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు పాడతావా?" అంది. మా పిల్లకు జోల పాడమన్నా ఫోన్లో పెట్టి వినిపించే మనిషిని నేను. కానీ అంతమంది చప్పట్లు కొడుతుంటే ఏం చేస్తాను. వెళ్ళి, మా నాయనమ్మ నాట్లప్పుడు పాడే పాట ఒకటి గుర్తున్నంత మేర పాడాను. నా శ్రుతి ఒక దారిన పోయింది, పాట ఒక దారిన పోయింది. ముందు వరసలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ఆమె మాత్రం కదలకుండా చివరిదాకా విన్నది.

దిగాక దగ్గరికొచ్చి, మొహమాటపడుతూ, "ఏమనుకోకు. ఆ రోజు ఇంతకంటె మంచిగ పాడినట్టుండె," అంది.

"అవును," అన్నాను. "ఆ రోజు మంచిగనే పాడిన."

ఇంటికి వచ్చే దారిలో నా భార్య ఆ రోజు ఏం పాడావని అడిగింది. మొత్తం చెప్పాను, అమ్మతో సహా, రాహుకాలంతో సహా. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇల్లు దగ్గరపడుతుండగా, ఆ పాస్టర్ చెప్పినట్టు బోల్టులు బిగించుకుని వెళ్ళి ఉంటే, నిజంగా ఆ అమ్మాయికి చెప్పేవాడివా అని అడిగింది. నేను నిజాయితీగా ఆలోచించాను. పక్కన ఆమె, కింద తంబూరా, చుట్టూ ఆ ఎర్రటి చెట్లు, మాట మాట వినపడేంత నిశ్శబ్దం, నా ముందు పూర్తిగా ఒక గంట. ఆ కుర్రవాణ్ణి నాకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. చెప్పేవాడు కాదు. మిస్సిసాగా దాకా వాతావరణం గురించి మాట్లాడేవాడు.